ఆటలో లేని బిడ్డ

పాత కంప్యూటర్ ఆటలను కలిపి ఒకటి చేసుకోవడం మీకు సరదా. నాకు అది ఉద్యోగం. నవ్వుకోండి, పర్వాలేదు. మా ఇంట్లోవాళ్లు కూడా చాలాకాలం నవ్వారు. పాలవ్యాపారం చేసే ఇంట్లో పుట్టి, బర్రెలను అన్నదమ్ములకు వదిలేసి, శాలిబండలో ఒక గేమ్ పార్లర్‌లో సిస్టమ్స్ చూసేవాడిగా చేరి, అక్కడే జుట్టు నెరిసినవాణ్ణి. ఈమధ్యనే కళ్లు సహకరించక మానేశాను. తీరిగ్గా కూర్చొని లెక్క చూసుకుంటే, అన్నేళ్ల ఉద్యోగంలో నాకు గట్టిగా మిగిలింది ఈర్ష్య ఒక్కటే అని తేలింది. అది కూడా ఒకే ఒక్క మనిషి మీద. అతని పేరు చెప్పను. చెబితే ఆ పేరు కూడా మీకు నచ్చుతుంది, అది నాకు ఇష్టం లేదు.

అతను మా దుకాణంలో కౌంటర్ మీద కూర్చునేవాడు. ఇల్లు బార్కస్‌లో. అంతకుముందు పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణంలో సేల్స్‌మన్‌గా చేశాడు. నాకంటే కొంచెం చిన్నవాడు కాబట్టి నన్ను "అన్నా" అనేవాడు, నేను "భాయ్" అనేవాణ్ణి. కంప్యూటర్ గురించి అతనికి తెలిసిందల్లా స్విచ్ ఎక్కడుందో అంతే. కానీ నోరుందే, అది చీరలు విప్పి పరిచిన నోరు. కొనడానికి రానివాడి చేత కూడా కొనిపించిన నోరు.

మా దుకాణంలో ఆదివారం మధ్యాహ్నాలకు ఒక ఆనవాయితీ ఉండేది. గోడవైపు ఉన్న పెద్ద తెర ముందు మామూలు గిరాకీని కూర్చోనిచ్చేవాళ్లం కాదు. అక్కడ కొందరు నడివయసు మనుషులు చేరి, అందరూ కలిసి ఒకే ఆట ఆడేవారు. పాతకాలపు రోల్‌ప్లేయింగ్ ఆట. ఒక నాయకుడు ఉంటాడు, అతని వెంట కొందరు తోడువాళ్లు ఉంటారు, ఊళ్లు తిరుగుతారు, పోట్లాడతారు, మాట్లాడతారు. షేర్ ఆటో నడిపే అతను మౌస్ పట్టుకునేవాడు. మిగిలినవాళ్లు తలా ఒక తోడుమనిషిని తమదిగా పెట్టుకునేవారు. ఆ మనిషి ఏ ఆయుధం పట్టాలి, ఎవరి మీదకు పోవాలి, ఎవరికి ఏం జవాబు చెప్పాలి అన్నది ఆ తోడుమనిషి ఎవరి వాటా అయితే వాళ్ల ఇష్టం. లక్క గాజులు చేసే ఒక చాచా ఉండేవాడు. ఆయన వాటాకు వచ్చింది దెబ్బలకు మందు వేసే వైద్యురాలు. ఎవరికీ అక్కర్లేక మిగిలిపోతే ఆయనకు అంటగట్టారు.

ఆటలో మాటలన్నీ ఇంగ్లీషు. అవి గబగబా చదివి అర్థం చెప్పే మనిషి కావాలి. మొదట్లో ఆ పని నాదే. "దక్షిణానికి పొమ్మంటున్నడు. పనైతే పైసలిస్తడట" అని ఉన్నదున్నట్టు చెప్పేవాణ్ణి. ఒక ఆదివారం నాకు గొంతు పూడుకుపోయి మాట రాలేదు. కౌంటర్ మీదున్న భాయ్ లేచి వచ్చి, "నేన్ జదువుత అన్నా, నువ్వు కూసో" అన్నాడు. నేను కూర్చున్నాను. ఆ తర్వాత మళ్లీ లేవలేదు.

ఎలా చదివేవాడో ఒక్క ముక్క చెబుతాను. అడవిలో ఒక దొంగ దారికి అడ్డం వస్తాడు. తెర మీద ఉన్నది, డబ్బు ఇవ్వు లేకపోతే చంపుతాను అని, అంతే. భాయ్ గొంతు మార్చి, చెయ్యి చాపి, "ఇచ్చేది ఇచ్చి కదులు భాయ్, పొద్దుగాల సంది బోణీ గాలె, నువ్వు గూడ గిట్ల జేస్తే ఎట్ల?" అన్నాడు. దుకాణమంతా పగలబడి నవ్వింది. పక్క సీట్లలో కార్ల ఆట ఆడుకుంటున్నవాళ్లు హెడ్‌ఫోన్లు తీసి ఇటు తిరిగారు. ఆ దొంగ నా నోటి మీదుగా కూడా ఎన్నోసార్లు వచ్చాడు. ఒక్కసారీ ఎవరూ నవ్వలేదు.

అప్పటినుంచి ఆదివారాలు నేను లోపలి గదిలో ఒక కీబోర్డు విప్పుకొని కూర్చునేవాణ్ణి. విప్పడానికి ఏమీ లేకపోతే బాగున్నదాన్నే విప్పేవాణ్ణి. బయట నవ్వులు వినబడేవి. ఒక్కోసారి నవ్వులు ఆగి నిశ్శబ్దం వచ్చేది. ఆ నిశ్శబ్దం నన్ను ఇంకా ఎక్కువ కాల్చేది. ఏం చెబుతున్నాడో విందామని తలుపు దాకా వెళ్లి, వినకూడదని వెనక్కి వచ్చేవాణ్ణి. దాని ఫలితం తర్వాత అనుభవించాను.

ఇక నా పని సంగతి. ఆ ఆటకు రెండు భాగాలు. కథ ఒకటే అయినా వేర్వేరు ఆటలుగా వచ్చాయి. మొదటిది అయిపోయాక రెండోది పెడితే, మనం పెంచుకున్న మనుషుల్లో సగం మంది కనబడరు. వైద్యురాలు అసలే ఉండదు. ఎందుకు లేదో కూడా చెప్పరు. ఆదివారం జనానికి అది మింగుడుపడదని నాకు తెలుసు. అందుకని రెండు ఆటలనూ కలిపి ఒకటే చేద్దామని పూనుకున్నాను. దానికి మాడ్‌లు ఉంటాయి. మాడ్ అంటే ఆట చేసిన కంపెనీ కాక, ఆ ఆట మీద ప్రేమతో ఎవరో బయటివాళ్లు రాసి ఉచితంగా పెట్టిన అదనపు ముక్క. ఒకటి మొదటి ఆట దేశాన్ని మొత్తం తెచ్చి రెండోదాన్లో పెడుతుంది. ఒకటి మధ్యలో అతుకు వేస్తుంది. ఒకటి పాత తోడువాళ్లను చావనీయకుండా వెంట పంపుతుంది. ఇలాంటివి కుప్పలుతెప్పలు. అన్నీ కావాలనుకుంటే ఆట తెరుచుకోనే తెరుచుకోదు. కొన్నింటికి కొన్నింటితో పడదు. వరస తప్పితే మొదటికి వస్తుంది.

మాడ్‌ల ఎంపిక గురించి నాకు తెలిసిన రహస్యం ఒకటే, ఊరికే ఇస్తున్నాను, తీసుకోండి. ఏ మాడ్ గురించైనా పొగడ్తలు చదవకండి, తిట్లు చదవండి. తిట్టేవాడు ఎక్కడ ఆగిపోయిందో కచ్చితంగా చెబుతాడు. నేను అలాగే చదివి, ఒక్కొక్కటి వేసి చూసి, తీసేసి, మళ్లీ మొదటినుంచి వేసి, చాలాకాలం పట్టినా రెండు ఆటలను అతుకు కనబడకుండా కలిపాను. వాళ్లు మొదలుపెట్టిన నాటినుంచి నడుస్తున్నది ఆ కలిపిన ఆటే. ఆ సంగతి ఎవరికీ తెలియదు. తెలియాల్సిన రోజు రెండో భాగంలోకి అడుగుపెట్టే రోజు. ఆ రోజు కోసం నేను ఎంత ఎదురుచూశానో చెప్పలేను. ఆ ఒక్క రోజైనా జనం నావైపు తిరుగుతారని ఆశ.

ఆ ఆదివారం కీబోర్డు పక్కన పడేసి బయటికి వచ్చాను. మొదటి భాగం ముగిసింది. తెర నల్లబడింది. రెండో భాగం చెరసాలలో మొదలవుతుంది. తలుపు తెరుచుకుంటే ఒక్కొక్కరూ కనబడ్డారు. వైద్యురాలు కూడా. రావాల్సింది కాదు, నేను తెచ్చాను. "చూసిన్రా, అందరొచ్చిన్రు. అసలు ఆటల గీమె ఉండదు. నేన్ బెట్టిన" అన్నాను.

చాచా నావైపు చూసి సంతోషంగా తలూపాడు. "షాబాష్ బేటా. మస్తు పని జేసినవ్. మరి బిడ్డేది?"

"ఏ బిడ్డ?"

"ఈమె బిడ్డ. పెద్ద శహర్ల, రేవు పక్కన సరాయిల ఇడ్సిపెట్టి వచ్చింది గదా. అక్కడికే గదా మనం పోయేది."

నేను భాయ్ వైపు చూశాను. అతను సీలింగ్ ఫ్యాన్ వైపు చూస్తున్నాడు.

సంగతేమిటంటే, మొదటి ఆటలో తోడువాళ్లు తమ గురించి అసలు మాట్లాడరు. చేరేటప్పుడు రెండు ముక్కలు, ఆ తర్వాత దెబ్బ తగిలితే ఒక కేక, అంతే. వైద్యురాలికి కథ లేదు, ఇల్లు లేదు, వాకిలి లేదు. అవన్నీ భాయ్ పెట్టాడు. ఆమె మందు వేసిన ప్రతిసారీ ఒక మాట చొప్పున కలుపుతూ పోయాడు. ఆమెకు ఒక కూతురుంది. దూరంగా ఒక ఊరిలో రోగం వ్యాపిస్తే వైద్యం చేయడానికి పోతూ, కూతుర్ని రేవు పక్క సత్రంలో వదిలి, తొందరగా వస్తానని చెప్పి వచ్చింది. ఇన్ని నెలలూ చాచా ఆ సత్రానికే నడుస్తున్నాడు. మిగిలినవాళ్లు కూడా రాక్షసుణ్ణి చంపాలన్న సంగతి మరచిపోయి ఆ అమ్మాయి కోసమే నడుస్తున్నారు. లోపలి గదిలో కీబోర్డులు విప్పుకున్న నాకు ఇదేమీ తెలియదు.

జనం వెళ్లాక భాయ్‌ని పట్టుకున్నాను. "ఏంది భాయ్ గిది? లేని బిడ్డను ఎట్ల దెస్తవ్?"

అతనికి సిగ్గయినా లేదు. "అంత మంచి ఆడమనిషికి ఒక బిడ్డ గూడ ఉండదా అన్నా? రెండో ఆటల ఉంటదేమో అనుకున్న."

"లేదు."

"జెర చూడు అన్నా. నువ్వు జూస్తే దొరుకుతది. నీకు దొర్కంది ఏముంది?"

మనిషిని చెట్టెక్కించడం పత్తర్‌గట్టిలో నేర్చిన విద్య. నేను ఎక్కలేదు. నిజం చెప్పేస్తే పీడ పోతుందనుకున్నాను. మరుసటి ఆదివారం అందరి ముందే, లోపల ఉబ్బిపోతూ, పైకి జాలిగా మొహం పెట్టుకొని చెప్పాను. "చాచా, ఆమెకు బిడ్డే లేదు. ఆటల ఎక్కడ లేదు. గివన్నీ భాయ్ సొంతంగ కల్పించి చెప్పిండు."

చాచాకు కోపం రాలేదు. పాపం అన్నట్టు చూశాడు. "నీకు దొర్కకపోతే దొర్కలేదని చెప్పు బేటా. లేదని ఎందుకంటవ్? పాపం తగుల్తది."

ఆటో అతను మౌస్ మీద చెయ్యి తీయకుండానే, "మాడ్ మార్చన్నా. బిడ్డ ఉన్న మాడ్ వెయ్యి. నువ్వు ఏసింది తప్పు మాడ్ ఉన్నట్టుంది" అన్నాడు.

చూశారా? అబద్ధం అతనిది, తప్పు మాడ్ నాది! ఇక చాచా తేల్చి చెప్పేశాడు. బిడ్డ కనబడనిదే తను ముందుకు నడవడట. ఆయన నడవకపోతే మిగిలినవాళ్లూ నడవరు. నేను అంత కష్టపడి కలిపిన రెండో సగం ఎవరూ చూడకుండా అక్కడే ఆగిపోతుంది. ఆ రోజు ఇంటికి నడుస్తుంటే, నిజం చెప్పి కూడా ఓడిపోయినవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటానని అనిపించింది.

వెతికాను. ఉన్న మాడ్‌లన్నీ వెతికాను. నాయకుడికి గడ్డం పెట్టే మాడ్ ఉంది. కోళ్లు మాట్లాడే మాడ్ ఉంది. వానను ఆపే మాడ్ ఉంది. వైద్యురాలికి కూతురున్న మాడ్ మాత్రం ప్రపంచంలో ఎక్కడా లేదు. ఎలా ఉంటుంది? ఆ కూతురు పుట్టింది శాలిబండలో.

అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. మంచి మనసుతో వచ్చిందని మీరు అనుకోకూడదు, అందుకే చెబుతున్నాను. ఆ బిడ్డను నేనే రాసి పెడితే, కనబడే మనిషి నాది, మాట్లాడే మాట నాది అవుతుంది. వాళ్లు ఇన్ని నెలలు ఎవరికోసం నడిచారో ఆమె నా చేతిలోంచి వస్తుంది. భాయ్ చదివేది నేను రాసిన మాటలే. చదివేవాడు చదివేవాడిగా ఉంటాడు, రాసినవాడు రాసినవాడిగా ఉంటాడు. ఆ తేడా ఒకసారి అందరికీ తెలియాలి.

మాడ్‌లు ఎంచుకోవడం వేరు, రాయడం వేరు. పక్కవాళ్ల కూర బాగుందో లేదో చెప్పగలిగిన నేను మొదటిసారి పొయ్యి ముందు నిలబడ్డాను. బొమ్మ ఒకటి పాతదాన్నే తీసుకొని బట్టల రంగు మార్చాను. రేవు పక్కన ఒక సత్రం నిజంగానే ఉంది, అదొక అదృష్టం. మెట్ల పక్కన ఆమెను నిలబెట్టాను. అసలు చిక్కు వేరే ఉంది. ఆ ఆటలో ఒకసారి అడుగుపెట్టిన చోటును సేవ్, అంటే ఆడినంతవరకు దాచుకునే ఫైలు, ఉన్నదున్నట్టు గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత అక్కడ ఏం కలిపినా కనబడదు. అంటే నేను పని పూర్తి చేసేదాకా వాళ్లు ఆ సత్రంలోకి పోకూడదు. నాలుగు రోజులు ఓపిక పట్టమని, బిడ్డ దొరికేటట్టుందని చాచాతో చెప్పి, ముందు నగరమంతా వెతకమన్నాను. వాళ్లు వెతికారు. ఒక ఆదివారం ఆటో అతను దారి తప్పి సరిగ్గా సత్రం తలుపు మీదే నొక్కబోయాడు. నేను పరుగెత్తుకొచ్చి కంప్యూటర్ ప్లగ్ పీకేశాను.

"ఏందన్నా గిది!" అని లొల్లి చేశాడు.

"వైర్ గరమైంది, వాసన వస్తలేదా?" అన్నాను. భాయ్ ముక్కు ఎగబీల్చి, "హౌ అన్నా, వస్తుంది" అన్నాడు. ఆ పూట అతను నన్ను కాపాడాడు. దానికి కూడా నాకు కోపం వచ్చింది.

ఇక మాటలు. ఆ పాత ఆట తెలుగు అక్షరాలు చూపదు, అన్నీ డబ్బాలు పడతాయి. ఇంగ్లీషులో రాయాలి. డిక్షనరీ పక్కన పెట్టుకొని రోజుల తరబడి కూర్చున్నాను. చివరికి కూతురు తల్లిని చూసి అనే మాట తయారైంది. అమ్మా, నువ్వు వస్తావని నాకు తెలుసు, ఎన్నో ఏళ్లుగా నీకోసం ఎదురుచూస్తున్నాను, అని దాని అర్థం. ఎన్నిసార్లు చదువుకున్నానో. నాకే కళ్లు చెమ్మగిల్లాయి. ఇంతకంటే ఏముంటుంది అనుకున్నాను.

ఆ ఆదివారం కబురు పంపినట్టు అందరూ వచ్చారు. చాచా తన గాజుల దుకాణం కట్టేసి, ఉతికిన కుర్తా వేసుకొని వచ్చాడు. నేను గోడకు ఆనుకొని చేతులు కట్టుకొని నిలబడ్డాను. ఆటో అతను సత్రం తలుపు నొక్కాడు. మెట్ల పక్కన ఆమె ఉంది. వైద్యురాలు దగ్గరికి వెళ్లగానే నా మాటలు తెర మీద పడ్డాయి.

భాయ్ మనసులో చదువుకున్నాడు. ఒక్కసారి నావైపు తిరిగి చూశాడు. ఆ చూపులో కృతజ్ఞత తప్ప మరేం లేదు. ఆ తర్వాత తెరవైపు తిరిగి, చిన్నపిల్ల గొంతు కాదు, అప్పుడప్పుడే పెద్దదైన పిల్ల గొంతుతో, మెల్లగా అన్నాడు.

"అమ్మా, నువ్వు నన్ను గుర్తుపట్టకపోతే ఏం జెప్పాల్నో, అది గూడ నేర్సుకొని పెట్టుకున్న."

నేను రాసింది అది కాదు! అరవాలనిపించింది. తెర మీద ఇంగ్లీషు ముక్కలు అందరికీ కనబడుతూనే ఉన్నాయి, అతను కాక చదవగలిగేవాడు నేనొక్కణ్ణే. చాచా తల వంచుకున్నాడు, ఆయన భుజాలు కదులుతున్నాయి. ఆటో అతను మౌస్ వదిలేసి మొహం తుడుచుకున్నాడు. కార్ల ఆట వాళ్లు కూడా లేచి నిలబడ్డారు. కొంతసేపటికి చాచా నా చెయ్యి పట్టుకొని, "చూసినవా? ఉన్నది గదా! లేదంటివి" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే దుకాణం తెరిచి, గిరాకీ రాకముందే ఒక్కణ్ణే ఆ సత్రంలోకి వెళ్లాను. నేను రాసిన మాట చదివాను. ముందురోజుదాకా ఏడిపించిన మాట చప్పగా ఉంది. అలాంటి మాట ఎవరైనా రాస్తారు, ఎక్కడైనా ఉంటుంది. భాయ్ అన్నది చెవిలోంచి పోవడం లేదు. బాగున్నదాన్ని ఉంచి బాగాలేనిదాన్ని తీసేయడమే అన్నేళ్లూ నేను చేసిన పని. నా మాడ్ అని దాన్ని వదలలేను. నా మాట చెరిపేసి, అతని మాటను ఇంగ్లీషులోకి మార్చి అక్కడ పెట్టాను. పెడుతున్నప్పుడు పళ్లు నూరుకుంటూనే పెట్టాను. దాన్లో నాకొక స్వార్థం కూడా ఉంది. ఇక ఈ అమ్మాయి ఎప్పుడు మాట్లాడినా, అతను తెర మీద ఉన్నదే చదవాలి. ఆ మాట ఇప్పుడు ఆటలో ఉంది, ఆటలోకి తెచ్చింది నేను.

తర్వాతి ఆదివారం ఆటో అతను తన బావమరదుల్ని వెంటబెట్టుకొచ్చాడు. వాళ్లకు ఆ ఘట్టం చూపించాలట. సత్రంలోకి పోకముందు చేసిన సేవ్ తెరిచి, మళ్లీ తలుపు నొక్కాడు. ఈసారి నేను గోడ దగ్గర ఆగలేదు, భాయ్ పక్కకే వచ్చి నిలబడ్డాను. తెర మీద మాట పడింది. అతను చదువుకున్నాడు. తన మాటే అని గుర్తుపట్టాడు, పెదవులు కదిలాయి. చదువు, ఇప్పుడు చదువు, అనుకున్నాను.

అతను ఆ మాట వదిలేసి, ఆ పిల్ల గొంతుతోనే, ఎవరో కొత్తవాళ్లు గుమ్మంలోకి వస్తే అడిగినట్టు, మర్యాదగా అడిగాడు.

"ఎవరు గావాలమ్మా మీకు?"

చాచా కుర్చీలోంచి లేచాడు. తెర దగ్గరికి నడిచి, ఆ చిన్న బొమ్మ మీదికి వంగి, "నేనే బిడ్డా, మీ అమ్మను" అన్నాడు.

ఆ క్షణం భాయ్ మీద పడినంత ఈర్ష్య నా జన్మలో ఎప్పుడూ పడలేదు.